యాంటెన్నా కింద గుండిగ

మా అల్లుడు దైవాశీర్వాదం, మా ఇంటి పైకప్పు ఎక్కుతానని మొదటిసారి అన్నది ఎనభై మూడో సంవత్సరం అక్టోబరులో, ఒక శనివారం మధ్యాహ్నం, టీ తాగుతూ. అది వినగానే నా కప్పు కింద పెట్టేశాను. పైకప్పు ఎక్కిన మనిషిని ఒకసారి చూసినదాన్ని నేను. మళ్ళీ చూడదలచుకోలేదు.

అల్లుడు ఎందుకు ఎక్కాలనుకున్నాడో ముందు చెప్పాలి. న్యూయార్కు నుంచి వచ్చే ఒక చానల్‌లో ఆదివారం పొద్దున గంటసేపు మన దేశం వాళ్ళ కార్యక్రమం వేసేవారు. మిగతా వారమంతా అందులో స్పానిష్ నాటకాలు. ఆ గంటలో కూడా ఎక్కువగా హిందీ పాటలు, నగల షాపుల ప్రకటనలు ఉండేవి. మా తెలుగు క్రైస్తవ సంఘం ఊసు అందులో వస్తుందని ఎవరం అనుకోలేదు. కానీ ఆ ఏడు ఈస్టర్‌కి వాళ్ళు కెమెరా మోసుకుని మా ఆరాధనకి వచ్చారు. ఇక్కడున్న మనవాళ్ళలో ఎవరు ఏ పండుగ ఎలా చేసుకుంటారో చూపిస్తారట. పాటలు తీశారు, పాస్టరు అయ్యగారి ప్రసంగం కాస్త తీశారు, ఆ తర్వాత అందరం కలిసి తినే ప్రేమ విందు వండుతున్న చోటికి వచ్చారు. అక్కడ నేనూ సువార్తమ్మా ఉన్నాం.

సువార్తమ్మ మా సంఘంలో ఉండే జోసఫ్ వాళ్ళమ్మ. తెనాలి వైపు మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా వచ్చిన కొత్తలోనే ఒకరినొకరు వదినా అనుకోవడం మొదలుపెట్టాం. సంఘంలో ఎప్పుడు విందు జరిగినా పొయ్యి దగ్గర మేమిద్దరమే. ఆమె చచ్చినా ఫొటో దిగేది కాదు. ఎవరైనా కెమెరా ఎత్తితే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఫొటో తీసినప్పుడల్లా ఆయుష్షు కొంచెం అందులోకి పోతుందని ఆమె నమ్మకం. అయ్యగారు నచ్చజెప్పబోతే, వంట సంగతి నాకు వదిలేయండి, వాక్యం సంగతి మీరు చూసుకోండి అన్నది. ఆ ఈస్టర్ రోజున మాత్రం గరిటె తిప్పే ధ్యాసలో ఉండి కెమెరాని చూసుకోలేదు. నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు.

ఆగస్టులో జోసఫ్‌కి సియాటిల్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు పొద్దున కారు నిండా సామాను సర్దుకుని వాళ్ళు మా ఇంటి ముందు ఆగారు. వెళ్ళేవాళ్ళను చూడటం నా వల్ల కాదు. మా తమ్ముడు రంగూన్ పడవ ఎక్కినప్పుడు కాకినాడ రేవులో నిలబడి చుక్కంత అయ్యేదాకా చూశాను. వాడు తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఎవరు బయల్దేరినా నాకు ఏదో ఒక పని తగులుతుంది. ఆ పొద్దున కుక్కర్ పొయ్యి మీద ఉందని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. కారు చప్పుడు దూరమయ్యాక గాని బయటికి రాలేదు. సువార్తమ్మ కారు ఎక్కేముందు రెండుసార్లు గుమ్మం వైపు చూసిందని మా అమ్మాయి విమలకుమారి తర్వాత చెప్పింది. చెప్పకుండా ఉన్నా బాగుండేది.

అదీ సంగతి. నా దగ్గర ఆమె ఫొటో ఒక్కటి లేదు. వెళ్ళేటప్పటి ముఖం కూడా లేదు. నవంబరు మొదటి ఆదివారం పదిన్నరకి మా ఈస్టర్ విందు టీవీలో వస్తుందని కబురు తెలిసిన దగ్గర్నుంచీ, ఆ పూటకి బొమ్మ సరిగ్గా రావాలని నేను మోకరించి అడిగాను. ఇలాంటివి దేవుణ్ణి అడగవచ్చో లేదో తెలియదు.

మా టీవీకి చానల్ మార్చడానికి రెండు తిప్పుడు బిళ్ళలు ఉండేవి. పై బిళ్ళ పదమూడో అంకెతో ఆగిపోతుంది. ఈ చానల్ కింది బిళ్ళలో ఎక్కడో నలభైలు దాటాక ఉంటుంది. టీవీ మీద పెట్టే కుందేటి చెవుల్లాంటి చువ్వలతో పై బిళ్ళలోవన్నీ వచ్చేవి గాని, ఇది మాత్రం మంచు కురిసినట్టు వచ్చేది. చిత్రం ఏమిటంటే, నేను ఆ చువ్వ పట్టుకుని ఎడమచెయ్యి గోడకి ఆనించి నిలబడితే మంచు కాస్త తగ్గేది.

"అత్తయ్యగారూ, నవంబరు దాకా మీరు అలాగే నిలబడగలరా? మధ్యలో టీ ఇప్పిస్తాం," అన్నాడు అల్లుడు.

నవ్వాను గాని, అవసరమైతే నిలబడేదాన్నే. అప్పుడు నేను బొమ్మను చూడలేనన్న సంగతి తర్వాత తట్టింది.

కేబుల్ మా వీధికి ఇంకా రాలేదు. సంఘంలో మిగతావాళ్ళు అపార్ట్‌మెంట్లలో ఉండేవారు, వాళ్ళ టీవీలలోనూ ఇదే మంచు. పోయిన ఏడే న్యూయార్కుకి దగ్గరలోని ఐసెలిన్‌లో సొంత ఇల్లు కొన్నది మేము. పాతిక అంగుళాల కలర్ టీవీ కొన్నదీ మేమే. ఆ ఉత్సాహంలో మా అల్లుడు ఆరాధన అయిపోయాక లేచి నిలబడి, ఆ ఆదివారం పొద్దున అందరూ మా ఇంటికి వచ్చి చూడాలని ప్రకటించేశాడు. ఇక వెనక్కి పోవడానికి లేదు.

మా వీధిలో ప్రతి ఇంటి మీదా యాంటెన్నా ఉండేది. అన్నీ ఈశాన్యం వైపు, న్యూయార్కు వైపు తిరిగి ఉండేవి. మా ఇంటి మీద మాత్రం ఒక మొండి గొట్టం ఉంది. పాత ఓనర్ల యాంటెన్నా గాలివానకి పడిపోయిందట. ఆ గొట్టానికే కొత్తది బిగిస్తానని ఆ శనివారం టీ దగ్గర అల్లుడు అన్నాడు.

ఊళ్ళో మా ఆయన ఎక్కింది మా పెంకుటింటి మీదికి. వాన వచ్చేలోగా జారిన పెంకులు సర్దుతానని ఎక్కాడు. కింద నిచ్చెన పట్టుకున్నది నేను. లోపల నాలుగేళ్ళ విమల ఏడిస్తే ఒక్క క్షణం తల తిప్పాను. అంతే. నాకప్పుడు ముప్పై రెండేళ్ళు. ఆయన పోయాక ఎవరో ఏదో కాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమన్నారు. అందులో ఏముందో నాకు తెలియలేదు. అప్పుడు మొదలుపెట్టాను చదవడం. పాటల పుస్తకంలో పాటలన్నీ నాకు నోటికి వచ్చు. నోటితో పాడుతూ అచ్చు మీద వేలు పెట్టుకుంటూ పోతే, ఏ మాటకి ఏ గుర్తో మెల్లగా తెలిసింది. ఏడాదిన్నర పట్టింది. తెలిసినదాన్ని తెలియనిదాని పక్కన పెట్టి చూడటమే నా చదువు.

పైకప్పు వద్దన్నాను. విమల నా పక్కన కూర్చుని, నాన్న ఎక్కింది నాచు పట్టిన పెంకుల మీదికని, ఈ కప్పు అంత ఏటవాలు కాదని నచ్చజెప్పింది. ఆమె హాస్పిటల్‌లో నర్సు. భయపడ్డవాళ్ళతో మాట్లాడటం ఆమెకు అలవాటు.

"కప్పు ఎలాంటిదైనా కింద ఉండేది నేలే కదే," అన్నాను.

యాంటెన్నా కొనడానికి నేనూ వెళ్ళాను. నన్ను ఎవరూ పిలవలేదు. రూట్ వన్ రోడ్డు మీద ఉన్న షాపులో చెవి వెనక పెన్సిల్ పెట్టుకున్న ఒక ముసలాయన ఉన్నాడు. మేము ఉండేది ఎక్కడ, చూడాలనుకునే చానల్ ఏది, ఇంటి చుట్టూ చెట్లు ఉన్నాయా, ఎత్తయిన కట్టడాలు ఉన్నాయా అని డాక్టరు రోగిని అడిగినట్టు అడిగాడు. గోడకి వేలాడుతున్న యాంటెన్నాలు చిన్నవీ పెద్దవీ చేపల ముళ్ళలా ఉన్నాయి. కింది బిళ్ళలోని చానళ్ళకి పొట్టి అడ్డకమ్మీలు ఉన్నది కావాలట, పై బిళ్ళలోవాటికి పొడుగు కమ్మీలు కావాలట, రెండూ కలిసినది తీసుకుంటే గొడవ ఉండదట. మా అల్లుడు అన్నిటికంటే పెద్దదాన్ని చూస్తున్నాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. న్యూయార్కు ఇక్కడికి ఇరవై మైళ్ళే, అంత పెద్దది దండగ, మధ్య సైజుది చాలు, కానీ పైకప్పు మీద పెట్టండి అన్నాడు. ఇదంతా అల్లుడు నాకు తెలుగులో చెబుతూనే ఉన్నాడు. చివరి మాట మాత్రం చెప్పలేదు. ముసలాయన పైకి చూపించిన వేలు నాకు కనపడింది.

"అటక మీద పెడితే రాదా అని అడగండి బాబూ," అని అల్లుడి కోటు పట్టుకుని లాగాను.

అడిగాడు. రావచ్చు, చెక్క కప్పు అయితే కొంచెం బలం తగ్గుతుంది గాని పని జరుగుతుంది అన్నాడు ముసలాయన. ఆయన చెయ్యి పట్టుకుని దణ్ణం పెట్టాలనిపించింది. మా డాట్సన్ కారులో ఆ పెట్టె పట్టలేదు. కిటికీలోంచి మూడడుగులు బయటికి పెట్టి, ఇంటికి చేరేదాకా నేను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నాను. ఇల్లు ఎక్కే పని తప్పింది.

మా అటకకి హాల్లోంచి కిందికి లాగే చెక్క నిచ్చెన ఉంది. ఆ చిన్న నిచ్చెనను కూడా నేను వదలకుండా పట్టుకున్నాను. అటక మీద మా సంఘం వంటసామాను ఉండేది. మేము ఆరాధన చేసుకునేది అమెరికన్ల చర్చిలో, ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళిపోయాక. అక్కడ సామాను పెట్టుకోనివ్వరు. అందుకని రెండు పెద్ద అల్యూమినియం గుండిగలు, ఒక ఇత్తడి గంగాళం, మూతలు, బకెట్లు, వంద స్టీలు కంచాలు అన్నీ మా అటక మీదే. ఒక్కొక్క కుటుంబం ఇండియా వెళ్ళి వచ్చినప్పుడల్లా లోపల దుప్పట్లు కుక్కి ఒక్కొక్కటి తెచ్చింది. అన్నిటికంటే పెద్ద గుండిగ సువార్తమ్మది. వెళ్ళేటప్పుడు సంఘానికి ఇచ్చేసింది. దాని అంచు కింద చుక్కల అక్షరాలతో 'పి. సువార్తమ్మ, 1951' అని కొట్టించి ఉంటుంది. అటక ఎప్పుడు తెరిచినా ముందు అదే కనపడాలని, నేనే చెప్పి దాన్ని ఈశాన్యం మూల గాలి కిటికీ దగ్గర పెట్టించాను. మిగతా సామానంతా దాని చుట్టూ చేరింది.

యాంటెన్నాను మధ్య దూలానికి వేలాడదీసి, చదునుగా ఉండే గోధుమరంగు తీగను గోడలోంచి టీవీ దాకా దించాడు అల్లుడు. మా మనవరాలు షారోన్, పన్నెండేళ్ళది, టీవీ ముందు కూర్చుంది. మంచు పోయింది. రంగులు వచ్చాయి. కానీ స్పానిష్ నాటకంలో ప్రతి మనిషి పక్కనా ఇంకో మనిషి, పలచగా, కుడివైపు కొంచెం జరిగి నిలబడి ఉన్నాడు. ఆ నాటకంలో ఒక పెద్దింటి ఆవిడ ఉంటుంది, చెవులకి గొలుసుల జూకాలు. రెండు ఉండాల్సిన జూకాలు నాలుగు కనపడ్డాయి.

యాంటెన్నాను అటూ ఇటూ తిప్పాం. పైన ఆయన, నిచ్చెన దగ్గర విమల, టీవీ దగ్గర షారోన్. ఆయన ఇప్పుడెలా ఉంది అనేవాడు, విమల అదే మాట అందించేది, షారోన్ "స్టిల్ టూ ఉన్నాయి" అని అరిచేది. ఎంత తిప్పినా ఆ రెండో మనిషి కదలలేదు. అల్లుడు కిందికి వచ్చి నాకు వివరించాడు. న్యూయార్కు నుంచి తరంగం తిన్నగా ఒక దారిలో వస్తుంది. అదే తరంగం మన పేటలో ఉన్న నీళ్ళ ట్యాంకుకి తగిలి చుట్టూ తిరిగి ఇంకో దారిలో కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆలస్యంగా వచ్చింది పక్కన నిలబడుతుంది. తిన్నగా వచ్చేది బలంగా ఉంటే ఇది కనపడదు. అటకలో ఆ బలం చాలడం లేదు, పైకప్పు మీదికి పోవాల్సిందే.

ఆ రెండో మనిషి నాకు మొదట్లో అంత చెడ్డగా అనిపించలేదు. ఎవరూ ఒంటరిగా లేరు కదా అనుకున్నాను. కానీ సువార్తమ్మ ముఖం అలా రెండుగా చెదిరి రావడం ఊహించుకుంటే మనసు ఒప్పలేదు. పైకప్పు మాటకి అసలే ఒప్పలేదు. యాంటెన్నా బిగించేవాళ్ళకి ఫోన్ చేస్తే నవంబరు నెలాఖరు దాకా ఖాళీ లేదన్నారు. చివరి శనివారం దాకా చూసి, అప్పటికీ కుదరకపోతే ఎక్కుతానని అల్లుడు నాకు ఆ మాత్రం గడువు ఇచ్చాడు.

అక్టోబరు చివరి ఆదివారం మా కోత పండుగ. సంఘంవాళ్ళు శుక్రవారం సాయంత్రమే వచ్చి అటక మీది సామానంతా దించి వ్యానులో వేసుకుపోయారు. శనివారం మధ్యాహ్నం ఒక్కదాన్నే ఉండి అలవాటుగా టీవీ పెట్టాను. పెద్దింటావిడ ఏడుస్తోంది. రెండు జూకాలే ఉన్నాయి. నాకు సువార్తమ్మ మీద తప్ప దేని మీదా ధ్యాస లేని రోజులవి, నీళ్ళ ట్యాంకు దేవుడు కరుణించాడని సంతోషపడ్డాను. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక గుండిగలు తోమి మళ్ళీ అటక ఎక్కించారు. సోమవారం టీవీ పెడితే జూకాలు మళ్ళీ నాలుగు.

మంగళవారం అల్లుడు పక్కింటివాళ్ళ పొడుగు నిచ్చెన అడిగి తెచ్చి గోడకి ఆనించాడు. నా మంచం పక్క కిటికీలోంచి దాని మెట్లు కనపడేవి. అన్నం సయించలేదు. అన్నం మానేసినంత మాత్రాన ఆయన మానుకోడని తెలుసు, అయినా సయించలేదు.

బుధవారం యాంటెన్నా పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం తీశాను. ఇంగ్లీషు నాకు రాదు. బొమ్మలు ఉన్నాయి. ఒక బొమ్మలో అటక, అందులో యాంటెన్నా, దాని ముందు ఒక పెద్ద రేకు గొట్టం, మొత్తం మీద అడ్డంగా కొట్టేసిన గీతలు. పక్క బొమ్మలో అదే అటక, గొట్టం లేదు, గీతలూ లేవు. ఆ రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూశాను. పాటల పుస్తకం మీద వేలు పెట్టుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. తెలియనిది పుస్తకంలో ఉంది. తెలిసినది శనివారం నాటి జూకాలు. పక్కపక్కన పెట్టాను.

సాయంత్రం అల్లుడికి చెప్పాను. ఆయన ఇంజనీరు, పైగా ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చాడు.

"గుండిగలా అత్తయ్యగారూ? పొయ్యి మీద లేనివి ఏం చేస్తాయండీ?" అన్నాడు.

శనివారం సిగ్నల్ బాగున్నది వాతావరణం వల్ల అయి ఉంటుందన్నాడు. అదీ నిజం కావచ్చు. నేను వాదించలేదు. నన్ను భయం మాట్లాడిస్తోందని ఆయన అనుకున్నాడు. భయమే. కానీ భయపడేవాళ్ళు అబద్ధం చూస్తారని ఎక్కడా లేదు.

శుక్రవారం ఇద్దరూ పనికి వెళ్ళారు. మూడున్నరకి షారోన్ స్కూల్ బస్సు దిగింది. అప్పటికే నేను అటక నిచ్చెన కిందికి లాగి ఉంచాను. మా మనవరాలు నన్నూ, నిచ్చెననూ, నేను నడుముకి బిగించి దోపుకున్న కొంగునూ చూసింది.

"అమ్మమ్మా, నో వే. డాడీకి తెలిస్తే నన్ను గ్రౌండ్ చేస్తారు, ఎక్కడికీ వెళ్ళనివ్వరు."

"ఏమీ చెయ్యరు. నువ్వు పట్టుకో. నేను ఏడ్చినా, ఎవరు తలుపు కొట్టినా, ఫోన్ మోగినా తల తిప్పొద్దు. నన్నే చూడు."

"ఓకే. చూస్తాను."

చూసింది. నేను ఎక్కింది తొమ్మిది మెట్లు. ముప్పై నాలుగేళ్ళలో అంతకంటే ఎత్తు ఎక్కలేదు. పైకి వెళ్ళి కిందికి చూస్తే షారోన్ ముఖం నా వైపే ఉంది, రెప్ప కూడా వెయ్యకుండా. నిచ్చెన పట్టుకున్నవాళ్ళు పైనుంచి ఇలా కనపడతారన్నమాట అనుకున్నాను. మా ఆయన నన్ను ఇలాగే చూసి ఉంటాడు. కాసేపు అక్కడే దూలం పట్టుకుని కూర్చున్నాను. తర్వాత పని మొదలుపెట్టాను.

కంచాలు పదేసి చొప్పున అందించాను. మూతలు, బకెట్లు, రెండో గుండిగ దించాం. గంగాళం దించేటప్పుడు గోడకి తగిలి రంగు గీరుకుపోయింది. సువార్తమ్మ గుండిగ ఒకటే మిగిలింది. నా పాత నూలుచీర దాని రెండు కడియాలకూ ముడివేసి, చీర రెండో కొసను దూలానికి ఒక చుట్టు చుట్టి, కొంచెం కొంచెంగా వదిలాను. అది తిరుగుతూ తిరుగుతూ దిగింది. పేరు ఒకసారి నా వైపు, ఒకసారి గోడ వైపు. షారోన్ రెండు చేతులతో కావలించుకుని హాల్లో దించింది. నేను కిందికి వచ్చి నేల మీద కాలు పెట్టేదాకా నిచ్చెన వదల్లేదు. ఆ తర్వాత టీవీ దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మమ్మా, లేడీ ఒక్కతే ఉంది," అన్నది.

వెళ్ళి చూశాను. పెద్దింటావిడ కూతురితో పోట్లాడుతోంది. రెండు జూకాలు. అంచున సన్నగా వెలుగు గీత ఒకటి మిగిలి ఉంది, అంతే.

ఆరింటికి అల్లుడు తలుపు తీసుకుని వచ్చి, హాలు నిండా ఉన్న సామాను మధ్య కాళ్ళు పెట్టడానికి చోటు లేక ఆగిపోయాడు. షారోన్ టీవీ పెట్టింది. ఆయన అలాగే నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత అటక ఎక్కి, దిగి, యాంటెన్నా ముందు ఆ గుండిగలు న్యూయార్కుకి అడ్డంగా గోడ కట్టినట్టు ఉన్నాయని, తిన్నగా వచ్చేదాన్ని అవి ఆపేస్తుంటే చుట్టూ తిరిగి వచ్చేది పైచెయ్యి అయిందని, ఈ సంగతి తనకి ముందే తట్టాల్సిందని విమలతో అన్నాడు. నాతో మాత్రం కోపంగా ఉన్నాడు.

"నేను ఎక్కుతానంటే నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదు మీరు. మీరెలా ఎక్కారండీ?"

"మీరు పడితే చూడటానికి నేనుంటాను బాబూ. నేను పడితే చూడటానికి నేనుండనుగా."

విమల పక్కకి తిరిగి నవ్వింది. ఆయనకీ నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాడు. శనివారం పొద్దున ఆ మిగిలిన గీత పోయేదాకా యాంటెన్నాను సరిచేశాం. ఈసారి టీవీ దగ్గర నన్ను కూర్చోబెట్టారు. జూకాల సంగతి నాకే బాగా తెలుసన్నారు. ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు అని నేను అంటే షారోన్ అందించింది, విమల అందించింది, ఆయన పైన తిప్పాడు. తర్వాత ఆయన వెళ్ళి పొడుగు నిచ్చెన పక్కింటివాళ్ళకి ఇచ్చేసి వచ్చాడు. ఆ పూట నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

ఆదివారం పదింటికల్లా సంఘమంతా మా హాల్లో ఉంది. సామాను దాచే చోటు లేక అక్కడే ఉంచేశాం. సోఫాలు చాలక గుండిగలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. ముందు హిందీ పాటలు వచ్చాయి. తర్వాత ఒక నగల షాపు. తర్వాత ఏ హెచ్చరికా లేకుండా మేము అద్దెకి తీసుకునే చర్చి తలుపు కనపడింది. పాట కొంచెం, అయ్యగారు కొంచెం. ఆ తర్వాత ఆవిరి. ఆవిరి పక్కకి తొలగితే సువార్తమ్మ.

ఒక్కతే ఉంది. పక్కన నీడ లేదు, చెదరడం లేదు. నుదుటి మీద చెమట, చెవి దగ్గర తెల్లవెంట్రుకలు, బిగించిన పెదవి కనపడుతున్నాయి. గరిటె తిప్పుతోంది. గుండిగ అంచు కింద అక్షరాలు ఆ బొమ్మలో ఎవరికీ కనపడవు, కానీ అవి ఎక్కడుంటాయో నాకు తెలుసు. ఆమె గరిటెతో కాస్త పులుసు తీసి పక్కకి తిరిగి ఏదో అన్నది. బొమ్మలోకి ఒక చెయ్యి వచ్చింది, అరచెయ్యి చాపి. ఆ చేతిలో ఆమె పులుసు పోసింది.

"దట్స్ యువర్ హ్యాండ్, అమ్మమ్మా," అన్నది షారోన్.

నా చెయ్యే. ముఖం ఎక్కడా రాలేదు, చెయ్యి వచ్చింది. తర్వాత పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడటం చూపించి, టీవీవాళ్ళు ఇంకో ఊరి దీపావళికి వెళ్ళిపోయారు. మొత్తం పావు నిమిషం ఉంటుందేమో. ఆమె మాట మీద ఎవరో ఇంగ్లీషులో వ్యాఖ్యానం చెప్పినందువల్ల ఏమన్నదో వినపడలేదు. అందరూ నన్ను అడిగారు. ఉప్పు చూడమన్నది, తన నోరు చచ్చిపోయిందన్నది అని చెప్పాను.

అందరూ ఆరాధనకి వెళ్ళే హడావుడిలో ఉండగా విమల సియాటిల్‌కి ఫోన్ కలిపి నా చేతికి ఇచ్చింది. అక్కడ ఇంకా పొద్దున్నే. సంగతి వినగానే సువార్తమ్మ గొంతు మారింది.

"ఎవరినడిగి తీశారు నన్ను?"

"ఎవరినీ అడగలేదు. నేను చూశాను. నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు వదినా?"

"చెబితే కొంగు అడ్డం పెట్టుకుంటావుగా."

ఆమె మెల్లగా అడిగింది.

"ఎలా ఉన్నాను?"

"చెమటోడుతూ ఉన్నావు. బాగున్నావు. నా చేతిలో పులుసు పోశావు."

"ఉప్పు సరిపోయిందన్నావు ఆ రోజు."

"తక్కువైంది వదినా."

"నాకు తెలుసు. ఆ తర్వాత నేనే వేశాను," అన్నది.

ఆగస్టులో పొయ్యి మీద కుక్కర్ లేదని కూడా చెప్పాను. అదీ తెలుసన్నది. విజిల్ వినపడకపోతే తెలియదా అన్నది. తన గుండిగ ఏమైందని అడిగితే, టీవీకి అడ్డం వచ్చిందని, ఇప్పుడు హాల్లో ఉందని చెప్పాను. ఆమె నవ్వడం చాలా రోజుల తర్వాత విన్నాను. దూరపు ఫోన్ గనుక ఎప్పుడూ నేనే తొందరపడి, పని ఉందని చెప్పి ముందు పెట్టేసేదాన్ని. ఆ రోజు ఏ పనీ చెప్పలేదు. ఉంటాను వదినా అని ఆమె అన్నది. ఉండు అన్నాను. అటు ఫోన్ పెట్టిన చప్పుడు వినపడేదాకా చెవి దగ్గరే పట్టుకున్నాను.

కంచాలు, బకెట్లు, గంగాళం, రెండో గుండిగ ఆ సాయంత్రమే తలా కొన్ని పట్టుకెళ్ళారు. పండుగకి ఎవరిది వాళ్ళు తెస్తారు. సువార్తమ్మ గుండిగ మాత్రం నేను ఇవ్వలేదు. వంటింటి మూల పెట్టి అందులో బియ్యం పోశాను. పేరు ఇటువైపు తిప్పి పెట్టాను. అడ్డంగా ఉంది, కాలికి తగులుతోంది అని అల్లుడు అప్పుడప్పుడు అంటాడు. అటక మీద పెట్టనా అని మాత్రం అడగడు.